ఒకే పాట, రెండు మూడు రికార్డింగులు: ముందు ఏది వినాలి?

వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ గదిలో మూత ఊడిపోయిన టేప్‌రికార్డర్ ఒకటి ఉండేది. క్యాసెట్ పెట్టి, అది కదలకుండా అగ్గిపెట్టె అడ్డుపెడితే గానీ పాడేది కాదు. అమెరికా బృందం ఈగిల్స్ పాట 'హోటల్ కాలిఫోర్నియా' నేను మొదటిసారి విన్నది అందులోనే. నైలాన్ తీగల గిటార్ ఒకటి ఆలాపనలా నెమ్మదిగా మొదలవుతుంది, వెనక దరువు అందుకుంటుంది, పాట ఏదో పోల్చుకోగానే జనం ఒక్కసారిగా కేకలు వేస్తారు. నాలుగేళ్లు అదే అసలు పాట అనుకున్నాను. ఉద్యోగంలో చేరాక ఒక సహోద్యోగి కారులో ఇంకో 'హోటల్ కాలిఫోర్నియా' వినిపిస్తే, "ఎవరో కాపీ కొట్టినట్టున్నారే, బాగానే పాడారు" అన్నాను. ఆయన కారు పక్కకు ఆపి మరీ నవ్వాడు. నేను కాపీ అన్నది 1976 నాటి అసలు రికార్డింగ్. నేను అసలు అనుకున్నది అదే బృందం 1994లో జనం ముందు మళ్లీ వాయించినది.

తప్పు తెలిశాక కూడా చాలా కాలం 1976 పాట నాకు కొంచెం చప్పగానే అనిపించేది. ముందు చెవిన పడ్డదే మనకు అసలుది. ఘంటసాల గొంతులో విన్న పద్యం ఇంకెవరు ఎంత బాగా పాడినా ఆనదు కదా, అలాంటిదే ఇది. అందుకే పాత ఇంగ్లీషు పాటలు కొత్తగా వినడం మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా "ఏ వెర్షన్ బాగుంటుంది?" అని అడిగితే, "ముందు ఏది వింటావు?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఒక్కో రికార్డింగ్ వెనక ఏం జరిగిందో కాస్త తెలిస్తే ఆ వరస మనమే తేల్చుకోవచ్చు. కింద రాసిన వరస నాది. గొప్ప పాటల జాబితా కాదు, రెండో మూడో రికార్డింగులు ఉండి జనాన్ని తికమక పెట్టే పాటలు మాత్రమే తీసుకున్నాను.

హోటల్ కాలిఫోర్నియా: 1976దా, 1994దా?

ఈ పాట వరుస పుట్టింది మాలిబూ సముద్రపు ఒడ్డున ఒక అద్దె ఇంట్లో. ఈగిల్స్ గిటారిస్టు డాన్ ఫెల్డర్ 12 తీగల గిటార్ మీద ఒక వరుస కట్టి, ఇంట్లోనే టేపు మీదికి ఎక్కించి మిగతావాళ్లకు ఇచ్చాడు. అప్పటికి మాటలు లేవు కాబట్టి 'మెక్సికన్ రెగే' అని ఏదో ఒక పేరు తగిలించారు. డాన్ హెన్లీ, గ్లెన్ ఫ్రే మాటలు రాశారు. తీరా వాయిద్యాలన్నీ రికార్డు చేశాక చూస్తే హెన్లీ గొంతుకు ఆ శ్రుతి ఎక్కువైంది. శ్రుతి దించి మొత్తం మళ్లీ మొదలుపెట్టారు. మొత్తం మీద ఈ పాటను మూడుసార్లు రికార్డు చేశారు. మయామీలోని క్రైటీరియా స్టూడియోలో చేసినదే చివరికి నిలిచింది. అది కూడా ఒక్క ఊపులో వాయించినది కాదు. ప్రొడ్యూసర్ బిల్ షిమ్‌చిక్ మంచి టేకులన్నీ ముందేసుకుని, ముప్పైకి పైగా చోట్ల టేపును కోసి అతికించాడు. వింటే ఒక్క అతుకూ తెలియదు. ఆ రోజుల్లోనే పక్క స్టూడియోలో బ్లాక్ సబ్బత్ వాళ్లు రికార్డింగ్ చేసుకుంటున్నారు. వాళ్ల మోత గోడ దాటి వచ్చి వీళ్ల మైకుల్లో పడి, కొంత పని మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది.

నాకు బాగా ఇష్టమైన ముచ్చట చివరి గిటార్ భాగానిది. ఫెల్డర్, బృందంలోని ఇంకో గిటారిస్టు జో వాల్ష్ ఇద్దరూ స్టూడియోలో అప్పటికప్పుడు తోచింది వాయిద్దామని కూర్చున్నారు. హెన్లీ ఆపేశాడు: "ఆ మొదటి టేపులో ఎలా ఉందో అలాగే కావాలి." అది వాయించి ఏడాది అయింది, ఫెల్డర్‌కు గుర్తు లేదు, టేపు చూస్తే కాలిఫోర్నియాలో ఇంట్లో ఉంది. ఇంటికి ఫోన్ చేసి పనిమనిషితో ఆ క్యాసెట్ వెతికించి, టేప్‌రికార్డర్‌లో వేయించి, ఫోన్ రిసీవర్ దాని దగ్గర పట్టుకోమన్నాడు. మయామీలో కూర్చుని ఫోన్‌లో వింటూ తన పాటను తనే మళ్లీ నేర్చుకున్నాడు. ఇప్పుడు గిటార్ క్లాసుల్లో పిల్లలు స్వరం తప్పకుండా వల్లె వేసేది ఆ ముక్కనే.

1976 డిసెంబరులో ఆల్బమ్ వచ్చింది. ఆరున్నర నిమిషాల పాటను రేడియో కోసం కుదించమంటే బృందం ఒప్పుకోలేదు. అయినా 1977 మేలో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. 1980లో బృందం విడిపోయింది. మళ్లీ ఎప్పుడు కలుస్తారని అడిగితే నరకం గడ్డకట్టినప్పుడు అన్నట్టు మాట్లాడేవాళ్లు. అందుకే 1994లో కలిసినప్పుడు ఆల్బమ్‌కు 'హెల్ ఫ్రీజెస్ ఓవర్' అని పేరు పెట్టారు. నేను హాస్టల్‌లో విన్నది ఇందులోదే. టీవీ కార్యక్రమం కోసం బర్‌బ్యాంక్‌లోని స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి రికార్డు చేశారు. ముందున్న ఆ నైలాన్ గిటార్ ఆలాపన ఫెల్డర్ కొత్తగా కట్టినది.

నా సలహా: ముందు 1976ది. అదీ ఇయర్‌ఫోన్స్‌లో. చివరి రెండు నిమిషాల్లో ఒక గిటార్ ప్రశ్న వేస్తే ఇంకోటి జవాబు చెబుతుంది, ఆ తర్వాత రెండూ కలిసి మెట్లు దిగినట్టు దిగుతాయి. ఇద్దరూ వాయించే తీరులో తేడా ఇయర్‌ఫోన్స్‌లోనే బాగా తెలుస్తుంది. 1994ది రాత్రి భోజనాలయ్యాక నలుగురు కూర్చుని స్పీకర్లలో వినడానికి. స్పీకర్లు కొనేటప్పుడు మాత్రం దాన్ని నమ్మకండి. నేను తిరిగిన మూడు షాపుల్లో రెండింట్లో ఆ పాటే వేశారు. ఆ రికార్డింగ్ ఎంత శుభ్రంగా ఉంటుందంటే, ఏ డొక్కు స్పీకరైనా దానితో పెద్దమనిషిలా కనిపిస్తుంది. గిటార్ నేర్చుకునేవాళ్లకైతే 1976దే దిక్కు. ఏడో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) పెట్టుకుంటే ఆ మొదటి వరుస తేలిక కార్డ్స్‌తోనే వచ్చేస్తుంది.

సౌండ్ ఆఫ్ సైలెన్స్: పాడినవాళ్లకే తెలియని హిట్

ఇక్కడ రెండు రికార్డింగుల్లోనూ గొంతులు ఒకటే, పాడిన రోజు కూడా ఒకటే. తేడా అంతా తర్వాత ఎవరో కలిపిన వాయిద్యాల్లో ఉంది.

1964 మార్చిలో న్యూయార్క్‌లో పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ ఈ పాట పాడారు. ప్రధానంగా గిటార్, రెండు గొంతులు. ఆ అక్టోబరులో ఆల్బమ్ వచ్చింది, ఎవరూ కొనలేదు. ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు పోయారు. సైమన్ ఇంగ్లండ్ వెళ్లి చిన్న చిన్న క్లబ్బుల్లో పాడుకుంటున్నాడు. ఈలోగా బోస్టన్ వంటి చోట్ల కాలేజీ పిల్లలు ఈ పాటను రేడియోలో అడిగి వేయించుకోవడం మొదలైంది. ప్రొడ్యూసర్ టామ్ విల్సన్‌కు ఆలోచన వచ్చింది. 1965 జూన్ 15న, బాబ్ డిలాన్ 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' రికార్డింగ్ మొదలైన రోజునే, విల్సన్ పాత టేపు తీసి దాని మీద ఎలక్ట్రిక్ గిటార్, బేస్ గిటార్, డ్రమ్స్ వాయింపజేశాడు. పాడిన ఇద్దరికీ మాటమాత్రమైనా చెప్పలేదు. ఆ కొత్త రికార్డు 1966 జనవరి 1 నాటి పట్టికలో మొదటి స్థానంలో ఉంది. విడిపోయిన ఇద్దరూ మళ్లీ కలిశారు. ఆ తర్వాతి సంగతి లోకానికి తెలిసిందే.

సైమన్, గార్ఫంకెల్ పాడినప్పుడు వెనక తాళం వేసే యంత్రం ఏదీ లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడినట్టు, భావాన్ని బట్టి లయ కాస్త సాగుతుంది, కాస్త ముడుచుకుంటుంది. కచేరీలో గాయకుడు ఎటు పోతే అటు మృదంగం పోవాల్సిందే కదా, ఇక్కడ డ్రమ్మర్ పని అంతకంటే కష్టం. గాయకులు ఎదురుగా లేరు, ఏడాది కిందటి టేపులో ఉన్నారు. చివరి చరణంలో జాగ్రత్తగా వినండి. డ్రమ్స్ ఒకటి రెండు చోట్ల తడుముకుని మళ్లీ అందుకుంటాయి. ఒకసారి పట్టుకున్నారంటే ఇక ఆ పాటను మామూలుగా వినలేరు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

ముందు 1964ది వినండి, 'వెన్స్‌డే మార్నింగ్, 3 ఎ.ఎం.' అనే ఆల్బమ్‌లో ఉంటుంది. రెండు పాటల నిడివీ ఇంచుమించు ఒకటే కాబట్టి ఆల్బమ్ పేరు చూసుకోవాలి. తర్వాత హిట్ అయినది వింటే విల్సన్ ఏం చేశాడో తెలుస్తుంది. మూడోది కూడా ఉంది. సైమన్ 1965లో లండన్‌లో ఒక్కడే కూర్చుని పాడినది. అందులో గిటార్ గట్టిగా, కొంచెం కోపంగా ఉంటుంది. గార్ఫంకెల్ గొంతు లేకపోతే పాట ఎంత పలచబడుతుందో తెలుసుకోవడానికి తప్ప దాన్ని నేను మళ్లీ మళ్లీ వినను.

మా అమ్మాయి ముందు విన్నది ఈ మూడూ కాదు, డిస్టర్బ్‌డ్ అనే హెవీ మెటల్ బృందం 2015లో చేసినది. బొంగురు గొంతుతో అడుగున మొదలై చివరికి గర్జిస్తాడు. నేను 1964ది వినిపిస్తే "బాగుంది నాన్నా, కానీ ఇంకా మొదలవలేదేంటి?" అంది. పాట అయిపోయే దాకా ఎదురుచూస్తూనే ఉంది.

బీటిల్స్ దగ్గర తికమక ఎక్కువ

'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' అసలు రెండు పాటల అతుకు. 1966 నవంబరు 24న లండన్‌లోని ఎబీ రోడ్ స్టూడియోలో పని మొదలైంది. ఏడో టేకు మెత్తగా, నెమ్మదిగా వచ్చింది. అది చాలక జాన్ లెనన్ ఇంకో రకంగా చేద్దామన్నాడు. ట్రంపెట్లు, చెల్లోలు పెట్టి, వేగంగా, ఎక్కువ శ్రుతిలో చేసినది 26వ టేకు. అన్నీ విన్నాక లెనన్ తాపీగా అన్నదేమిటంటే, దాని మొదలు బాగుంది, దీని చివర బాగుంది, రెండూ కలిపేయండి. రెంటికీ శ్రుతి వేరు, లయ వేరు అని ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ మొత్తుకున్నా, మీరు ఎలాగో చేస్తారులే అని వెళ్లిపోయాడు. అదృష్టం కొద్దీ వేగంగా ఉన్నదే ఎక్కువ శ్రుతిలోనూ ఉంది. టేపును నెమ్మదిగా తిప్పితే వేగంతో పాటు శ్రుతి కూడా దిగుతుంది. మార్టిన్, ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ అలా రెంటినీ దగ్గరికి లాగి, సరిగ్గా ఒక నిమిషం దగ్గర అతికించారు. ఆ నిమిషం దాటాక లెనన్ గొంతు కాస్త మత్తుగా, బరువుగా మారడం గమనించండి, టేపు నెమ్మది చేసినందువల్ల వచ్చినదది. అక్కడక్కడా జలజలమని తీగల చప్పుడు వినిపిస్తుంది. అది జార్జ్ హ్యారిసన్ వాయించిన మన స్వరమండలమే. హిందుస్తానీ గాయకులు ఒడిలో పెట్టుకుని మీటుతుంటారు చూడండి, అదే.

ఇందులో వరస మార్చి చెబుతాను. ముందు మొదటి టేకు వినండి, 1996లో వచ్చిన 'యాంథాలజీ 2'లో ఉంది. ఏ హంగూ లేని చిన్న పాట. తర్వాత అసలుది వింటే, ఒక పాక ఎలా మేడ అయిందో కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అసలుది ముందే వినేసినవాళ్లకు మొదటి టేకు పునాది గుంటలా కనిపిస్తుంది.

'లెట్ ఇట్ బి' సంగతి చూద్దాం. ఇందులో అడుగున ఉన్న రికార్డింగ్ ఒకటే, 1969 జనవరి 31 నాటిది. సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, 1970 మార్చిలో వచ్చినది, మేలో ఆల్బమ్‌లో వచ్చినది, 2003లో 'నేకెడ్' పేరుతో వచ్చినది, మూడూ వేరు వేరుగా వినిపిస్తాయి. హ్యారిసన్ గిటార్ సోలోనే తేడా పట్టిస్తుంది. సింగిల్‌లో సోలో మెత్తగా, గొంతుకు అణిగి ఉంటుంది. ఆల్బమ్‌లో పెట్టినది 1970 జనవరిలో మళ్లీ వాయించినది, గరుకుగా, పదునుగా దూసుకొస్తుంది. పద్నాలుగేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్న పాల్ మెకార్ట్‌నీకి ఆ తల్లి మేరీ కలలోకి వచ్చి ధైర్యం చెప్పిందన్నది ఈ పాట పుట్టుక. ఆ సంగతి తెలిశాక నాకు ఆల్బమ్ సోలో కొంచెం గొడవగా అనిపిస్తుంది. సింగిల్ నిడివి 3:50, ఆల్బమ్‌ది 4:03. నా ఓటు 3:50కి.

అదే ఆల్బమ్‌లో 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' మీద పెద్ద రగడే అయింది. మెకార్ట్‌నీకి చెప్పకుండా ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ 1970 ఏప్రిల్ 1న వయొలిన్లు, కోరస్ దట్టంగా దించేశాడు. మెకార్ట్‌నీ ఆ కోపం చాలా ఏళ్లు మోశాడు. 2003 'నేకెడ్'లో అవన్నీ లేని వేరే టేకు పెట్టారు. ఇంగ్లీషు విమర్శకులు చాలామంది స్పెక్టర్‌దాన్ని ఛీ అంటారు. నిజం చెప్పాలంటే, మన సినిమా పాటల్లో నలభై వయొలిన్లు ఒకేసారి లేవడం అలవాటైన చెవికి అది అంత ఘోరంగా ఏమీ ఉండదు. ముందు 'నేకెడ్' విని, మనసు బరువెక్కిన రోజున స్పెక్టర్‌ది వినండి.

మోనోనా (రెండు చెవుల్లో ఒకే శబ్దం), స్టీరియోనా (ఒక్కో చెవికి వేరు శబ్దం) అన్న ప్రశ్న కూడా బీటిల్స్ దగ్గరే ఎక్కువ వస్తుంది. 1967 దాకా వాళ్లు దగ్గరుండి, తగువులాడి మిక్స్ (గొంతుల, వాయిద్యాల పాళ్లు కలపడం) చేయించుకున్నది మోనోనే. 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్ మోనో మిక్సింగ్‌కు వారాలు పట్టింది, స్టీరియోను బృందం లేకుండా కొద్ది రోజుల్లో కానిచ్చేశారు. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' మోనోలో కాస్త వేగంగా, పై శ్రుతిలో ఉంటుంది, స్టీరియోలో ఈడుస్తున్నట్టు సాగుతుంది. వంటింట్లో ఒకే బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని వినేవాళ్లకు ఈ గొడవ పెద్దగా లేదు, అన్నీ కలిసిపోయి వస్తాయి. ఇయర్‌ఫోన్స్‌లో వినేవాళ్లకు మాత్రం పాత స్టీరియోలో గొంతంతా ఒక చెవిలో, డ్రమ్స్ అన్నీ ఇంకో చెవిలో పడి తల ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటుంది. వాళ్లు మోనో తీసుకోవాలి. లేదా 2017లో మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ చేసిన రీమిక్స్ తీసుకోవాలి. పెప్పర్‌కు నేను ఇప్పుడు ఎక్కువగా వినేది ఆ రీమిక్సే. మోనో పక్షం మిత్రులు దీన్ని క్షమించరు.

ఒకరి పాట ఇంకొకరు పాడినప్పుడు

'ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్' తేల్చడం సులువు. డిలాన్ 1967 నవంబరులో నాష్‌విల్‌లో పాడినది రెండున్నర నిమిషాలే, ఎండు రొట్టెలా ఉంటుంది. జిమీ హెండ్రిక్స్ 1968 జనవరిలో లండన్‌లో మొదలుపెట్టి, బేస్ వాయించాల్సిన నోయెల్ రెడింగ్ విసిగి బయటికి వెళ్లిపోతే ఆ బేస్ కూడా తనే వాయించి, ఆ తర్వాత న్యూయార్క్‌లో నెలల తరబడి మీద మీద కలుపుతూ పోయాడు. ముందు డిలాన్‌ది వినండి, రెండున్నర నిమిషాలేగా. హెండ్రిక్స్‌ది విన్నాక వెనక్కి వెళ్లడం కష్టం. డిలానే వెళ్లలేదు, తర్వాత వేదికల మీద హెండ్రిక్స్ ఫక్కీలోనే పాడాడు.

'రెస్పెక్ట్' 1965లో ఓటిస్ రెడింగ్ రాసి పాడినప్పుడు, పని నుంచి ఇంటికొచ్చిన మగవాడు కాస్త మర్యాద ఇవ్వమని అడుక్కునే పాట. 1967 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో అరీతా ఫ్రాంక్లిన్ దాన్ని ఆడదాని గొంతుకు తిప్పి, అక్షరం అక్షరం విడదీసి పలికే ఆ ముక్క కొత్తగా చేర్చి, చెల్లెలు కెరొలిన్, అక్క అర్మాతో కోరస్ పాడించింది. ఇక్కడ రెండో ఆలోచన లేదు. అరీతాదే.

'ఐ విల్ ఆల్వేస్ లవ్ యు' దగ్గర నేను చాలామందితో విభేదిస్తాను. అందరికీ తెలిసింది విట్నీ హ్యూస్టన్ 1992లో పాడినది. అమెరికాలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మొదట్లో వాయిద్యాలేవీ లేకుండా ఒంటి గొంతుతో మొదలవ్వాలని పట్టుబట్టింది 'ది బాడీగార్డ్' సినిమాలో ఆమె సరసన నటించిన కెవిన్ కాస్ట్‌నర్. ఆ మొదటి ముప్పావు నిమిషం నాకూ ఒళ్లు జలదరిస్తుంది. కానీ డాలీ పార్టన్ గొంతులో 1974లో వచ్చినది ముందు వినండి. తనను పైకి తెచ్చిన పోర్టర్ వాగనర్ దగ్గర్నుంచి విడిపోతూ, పోట్లాట లేకుండా సెలవు తీసుకోవడానికి రాసుకున్న పాట అది. ఆమె దాదాపు గుసగుసగా పాడుతుంది, ఒక చోట పాడకుండా మాటల్లోనే చెబుతుంది. ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నప్పుడు ఆయన మేనేజర్ పాట హక్కుల్లో సగం అడిగితే, ఏడ్చుకుంటూనే కాదంది. విట్నీ పాట వచ్చినప్పుడు హక్కులన్నీ డాలీ చేతిలోనే ఉన్నాయి.

'హల్లెలూయా' మాత్రం నిదానంగా ఎంచుకోవాల్సిన పాట. లెనార్డ్ కోహెన్ 1984లో పాడినప్పుడు అమెరికాలో ఆయన కంపెనీ ఆ ఆల్బమ్‌ను విడుదల చేయడానికే ఒప్పుకోలేదు. ఆ రికార్డింగ్‌లో సింథసైజర్, బృందగానం పాట మీద దుప్పటిలా కప్పేసి ఉంటాయి. 1991లో జాన్ కేల్ అనే గాయకుడు ఈ పాట పాడదామని చరణాలు పంపమంటే, కోహెన్ 15 పేజీలు ఫ్యాక్స్ చేశాడు. కేల్ వాటిలోంచి తనకు నచ్చినవి ఏరుకుని, పియానో ఒక్కటి పెట్టుకుని పాడాడు. తర్వాత జెఫ్ బక్లీ అనే యువ గాయకుడు నేర్చుకున్నది కోహెన్ పాట కాదు, కేల్ ఏరిన పాట. 1994లో వచ్చిన 'గ్రేస్' ఆల్బమ్ కోసం పాడాడు. మూడేళ్లకు మెంఫిస్‌లో నదిలో మునిగి చనిపోయాడు, ముప్పై ఏళ్లకే.

జనం బక్లీది ముందు వింటారు. నేను కేల్‌ది ముందు వినమంటాను. మాటలు స్పష్టంగా, ముఖాన చెప్పినట్టు ఉంటాయి, గొంతులో ఎక్కడా బతిమాలుకోవడం లేదు. బక్లీది అర్ధరాత్రి, ఒక్కరే, దీపం ఆర్పి వినాలి. మొదట్లో ఆయన ఊపిరి వదలడం కూడా వినిపిస్తుంది. ఇక కోహెన్ గొంతులోనే కావాలంటే 1984ది వదిలేసి 2009లో వచ్చిన 'లైవ్ ఇన్ లండన్' తీసుకోండి. డెబ్బై దాటాక పాడినది. ఆ గొంతు పాతాళంలోంచి వస్తుంది.

'లైలా' గురించి రెండు మాటలే. లైలా మజ్ను కథ మనకు భానుమతి, అక్కినేని సినిమా నాటి నుంచీ తెలుసు. ఎరిక్ క్లాప్టన్‌కు నిజామీ రాసిన ఆ కథ చదివినప్పుడు, మిత్రుడు జార్జ్ హ్యారిసన్ భార్య ప్యాటీ మీద తనకున్న ప్రేమ గుర్తొచ్చింది. 1970లో మయామీలో, ఈగిల్స్ తర్వాత వెళ్లిన ఆ క్రైటీరియాలోనే, డ్వేన్ ఆల్‌మన్ స్లైడ్ గిటార్‌తో కలిసి రికార్డు చేసినది కేక. 1992లో కుర్చీలో కూర్చుని అకూస్టిక్ గిటార్ మీద పాడినది జ్ఞాపకం. కేక ముందు విననివాళ్లకు ఆ జ్ఞాపకం హోటల్లో వెనక వినిపించే పాటలా అనిపిస్తుంది.

యాప్‌లో వెతికేటప్పుడు

మా రోజుల్లో అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 'డెబ్బైల హిట్స్' అని ఒక క్యాసెట్ కొన్నాను. కవర్ మీద అందరి పేర్లూ ఉన్నాయి. ఇంటికొచ్చి వేస్తే ఒక్కరి గొంతూ అసలుది కాదు. మళ్లీ చూస్తే కవర్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. ఆ కంపెనీ పేరు ఇప్పుడెందుకు గానీ, అదే మోసం ఇప్పుడు యాప్‌లలో పద్ధతిగా జరుగుతోంది. పాట పేరు పక్కన 'రీ-రికార్డెడ్' అని ఉంటే ముందు దాన్ని దాటేయండి. ఒక్కోసారి అసలు గాయకులే ఏళ్ల తర్వాత మళ్లీ పాడి ఉంటారు. పాత కంపెనీ నుంచి కొత్త కంపెనీకి మారినప్పుడు ఇలా చేయడం 1964లో ఎవర్లీ బ్రదర్స్ నాటికే ఉంది. డెఫ్ లెపర్డ్ అయితే కంపెనీతో డబ్బు దగ్గర పేచీ వచ్చి, 2012లో తమ పాత హిట్‌లను అచ్చు గుద్దినట్టు మళ్లీ చేసుకుని వాటికి తామే ఫోర్జరీలని పేరు పెట్టుకున్నారు.

'రీమాస్టర్డ్' అంటే భయపడక్కర్లేదు. అదే మిక్స్‌ను కడిగి తుడిచినది. కొన్నింటిలో శబ్దం మరీ పెంచేసి మెత్తటి చోట్లు కూడా గట్టిగా చేసేస్తారు, పది నిమిషాల్లో చెవి అలసిపోతే అనుమానించండి. 'రీమిక్స్' అంటే వాయిద్యాల పాళ్లే మార్చినది, పాత పాటల విషయంలో మన డీజే రీమిక్స్ అనుకోకండి. పాళ్ల దగ్గర తేడా ఎంత సున్నితంగా ఉంటుందో చెప్పడానికి మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' చాలు. ఇంజినీర్ బ్రూస్ స్వీడియన్ దాన్ని 91 సార్లు మిక్స్ చేసి, ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్ ఒకసారి వెనక్కి వెళ్లి రెండోది విందామంటే విని, చివరికి ఆ రెండోదే 1982లో 'థ్రిల్లర్'లో పెట్టారు. ఇక ది డోర్స్ అనే బృందం మొదటి ఆల్బమ్ టేపు ఎక్కడో కాస్త నెమ్మదిగా తిరిగి, 'లైట్ మై ఫైర్' బృందం వాయించిన శ్రుతి కన్నా కొంచెం కిందకు దిగి ఉందని తర్వాత తేల్చారు. 2007 మిక్స్‌లో వేగం సరిచేశారు. శ్రుతి బాక్సు దగ్గర పెట్టుకుని వినే అలవాటున్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు తేడా తెలియదు, పాతదే వినండి.

అన్నిటికన్నా తేలికైన ఉపాయం నిడివి చూడటం. 'లైట్ మై ఫైర్' ఏడు నిమిషాలు దాటితే పూర్తిది, మూడు లోపుంటే రేడియో కోసం సోలోలు కోసేసినది. 'లైలా' ఏడు దాటాలి, ఐదు లోపుంటే 1992ది, మూడు లోపుంటే చివరి పియానో భాగం ఎగిరిపోయినట్టే. క్వీన్ బృందం 'బొహీమియన్ రాప్సడీ' 5:55 ఉండాలి. 'హోటల్ కాలిఫోర్నియా' ఆరున్నర అయితే అసలుది, ఏడు దాటితే నరకం గడ్డకట్టాక వాయించినది. మా మూత ఊడిన టేప్‌రికార్డర్‌లో నిడివి కనిపించేది కాదు.